లినక్స్ నిర్వహణ సాధనాలు

లినక్స్ మీద నడిచే కంప్యూటర్‌లో ఈ క్షణాన ఏయే పనులు జరుగుతున్నాయి, ప్రాసెసరూ మెమరీ డిస్కూ ఎవరు ఎంత వాడుకుంటున్నారు, ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి వచ్చి చేరింది అనే ప్రశ్నలకు జవాబు చెప్పే చిన్న చిన్న ఆదేశాలనే నిర్వహణ సాధనాలు అంటారు. పీఎస్, టాప్, కిల్, ఫ్రీ, డీఎఫ్, డీయూ, సిస్టమ్‌కంట్రోల్, ఆప్ట్, డీఎన్‌ఎఫ్ వీటిలో ముఖ్యమైనవి. ఈ వ్యాసంలో ఆదేశాలను మనవాళ్లు ల్యాబులో నోటితో చెప్పుకునేట్టే రాశాం. టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

ఈ సాధనాల్లో చాలావాటి పుట్టిల్లు యూనిక్స్. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ మొదలైంది. దాన్ని పోలిన, ఆపరేటింగ్ సిస్టమ్‌కు కేంద్రమైన కెర్నెల్‌ను ఫిన్లండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో రాసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. చుట్టూ కావలసిన పనిముట్లు చాలావరకు రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు నుంచి వచ్చాయి. ఈనాడు ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నది లినక్స్ కెర్నెలే. ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితా మొత్తం 2017 నవంబరు నుంచి లినక్స్‌దే.

విజయవాడ దగ్గరి గన్నవరానికి ఈ విషయంతో చుట్టరికం ఉద్యోగాల దారిలో కలిసింది. విజయవాడ నుంచి ఏలూరు వెళ్లే జాతీయ రహదారి మీద, విమానాశ్రయం పక్కనే ఉన్న కేసరపల్లిలో మేధా టవర్స్ ఐటీ పార్కు వచ్చింది. హెచ్‌సీఎల్ ప్రాంగణానికి కూడా అక్కడే 2018లో శంకుస్థాపన జరిగింది. ఎక్కడో ఉన్న ఖాతాదారుల సర్వర్లను దూరం నుంచి కనిపెట్టుకుని ఉండే ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ నిర్వహణ ఆ కంపెనీకి పేరు తెచ్చిన రంగాల్లో ఒకటి. ఆ పనికి రోజువారీ పనిముట్లు ఇవే. 1977లో మొదలైన కానూరు వి.ఆర్. సిద్ధార్థ మొదలుకొని ఈ చుట్టుపక్కల వెలసిన ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు ఇంటర్వ్యూల కోసం ఈ ఆదేశాలను బట్టీ పడతారు. ఆదేశం గుర్తుంటుంది, అది చూపించిన అంకెలు చదవడమే రాదు. లినక్స్ నిర్వహణలో అసలు నైపుణ్యం ఆ చదవడంలోనే ఉంది కాబట్టి ఈ వ్యాసం కూడా అక్కడే ఎక్కువసేపు ఆగుతుంది.

ప్రాసెస్‌లు

డిస్కు మీద ఫైలుగా పడి ఉన్నంతసేపూ అది ప్రోగ్రామే. కెర్నెల్ దానికి మెమరీలో చోటిచ్చి, ఒక నంబరు వేసి నడిపించడం మొదలుపెట్టాక ప్రాసెస్ అవుతుంది. ఆ నంబరును పీఐడీ అంటారు. కంప్యూటర్ లేవగానే మొదట పుట్టే ప్రాసెస్ నంబరు 1. మనం నడిపే ప్రాసెస్‌లన్నిటి వంశవృక్షం చివరికి దాని దగ్గరికే చేరుతుంది. ‘పీఎస్‌ట్రీ’ అని కొడితే ఆ వృక్షాన్ని గీసి చూపిస్తుంది.

‘పీఎస్ ఏయూఎక్స్’ అప్పటికప్పుడు నడుస్తున్న ప్రాసెస్‌లన్నిటి జాబితా ఇస్తుంది. ఎవరి పేరు మీద నడుస్తోంది, పీఐడీ ఎంత, ప్రాసెసర్ శాతం, మెమరీ శాతం, ఏ స్థితిలో ఉంది, ఎప్పుడు మొదలైంది అన్నీ వరసగా ఉంటాయి. ఈ సమాచారమంతా ‘ప్రాక్’ అనే డైరెక్టరీ నుంచి వస్తుంది. నిజానికి అది డిస్కు మీద ఎక్కడా లేదు. చదవబోయినప్పుడల్లా కెర్నెల్ అప్పటికప్పుడు అల్లి ఇస్తుంది. అందులో ప్రతి పీఐడీకీ ఒక డైరెక్టరీ కనిపిస్తుంది.

కొత్తవాళ్లు దాటేసే గడి స్థితిది. ‘ఆర్’ అంటే నడుస్తోంది, లేదా నడవడానికి సిద్ధంగా ఉంది. ‘ఎస్’ అంటే ఏదో సంఘటన కోసం నిద్రలో ఉంది. ఏ యంత్రంలోనైనా ఎక్కువ ప్రాసెస్‌లు ఇలాగే ఉంటాయి, కంగారు అక్కర్లేదు. ‘టీ’ అంటే ఆపి పెట్టినది. ‘జెడ్’ అంటే జాంబీ, అప్పటికే చనిపోయింది, తల్లి ప్రాసెస్ దాని మరణ సమాచారం తీసుకోలేదు కాబట్టి జాబితాలో పేరు మిగిలింది. చచ్చినదాన్ని మళ్లీ చంపలేం, చూడాల్సింది తల్లిని. ‘డీ’ అంటే డిస్కు కోసమో నెట్‌వర్క్ నిల్వ కోసమో కెర్నెల్ లోపల ఇరుక్కుంది. అది తేరుకునేదాకా ఏ సంకేతానికీ పలకదు. ఒక ప్రాసెస్ ఎంతసేపటికీ ‘డీ’లోనే కనిపిస్తే దాని మీద పోరాటం మానేసి డిస్కు ఆరోగ్యాన్ని, నెట్‌వర్క్ తీగను చూడాలి.

‘పీఎస్’ ఫొటో అయితే ‘టాప్’ వీడియో. 1984లో విలియం లెఫెబ్ర్ మొదట రాసిన ఈ పనిముట్టు కొన్ని సెకన్లకోసారి జాబితాను తాజా పరుస్తుంది. పెద్ద ‘పి’ నొక్కితే ప్రాసెసర్ వాడకాన్ని బట్టి, పెద్ద ‘ఎం’ నొక్కితే మెమరీ వాడకాన్ని బట్టి వరస మారుతుంది. ‘1’ నొక్కితే కోర్లు విడివిడిగా కనిపిస్తాయి. ఒక ప్రాసెస్ పక్కన 250 శాతం అని కనిపిస్తే లెక్క తప్పలేదు: అది రెండున్నర కోర్లంత పని చేస్తోంది. రంగులు, మౌస్ సౌకర్యం కావాలంటే ‘హెచ్‌టాప్’ ఉంది, 2004లో వచ్చింది. అయితే కొత్త సర్వర్‌లోకి వెళ్లినప్పుడు హెచ్‌టాప్ ఉంటుందన్న నమ్మకం లేదు. టాప్ దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. నేర్చుకునేవాళ్లు ముందు టాప్‌కు అలవాటు పడటం మంచిది.

కిల్: పేరుకు తగ్గ పని కాదు

‘కిల్’ అసలు పని సంకేతం పంపడం. ఏమీ చెప్పకుండా కిల్ పక్కన పీఐడీ కొడితే 15వ నంబరు సంకేతం వెళ్తుంది. ఆ సంకేతాన్ని ప్రోగ్రాము అందుకుని తెరిచిన ఫైళ్లు మూసి, సగంలో ఉన్న రాత పూర్తిచేసి తనంతట తాను తప్పుకుంటుంది. 9వ నంబరు అలా కాదు. అది ప్రాసెస్ చెవిన పడనే పడదు. కెర్నెలే దాన్ని తీసేస్తుంది. డేటాబేస్ రాతలో ఉండగా ఇలా తీసేస్తే తిరిగి లేచేటప్పుడు అది తన లాగులన్నీ (చేసిన పనుల నమోదులు) తిరగేసి కోలుకోవాలి. అలాంటి ఏర్పాటు లేని ప్రోగ్రామైతే ఫైలు సగంలో తెగిపోతుంది.

మన ల్యాబుల్లో ‘కిల్ మైనస్ నైన్’ ఊతపదంలా అయిపోయింది. నేర్పేవాళ్లే మొదటి మందుగా దాన్ని రాసిస్తున్నారు. ఇది చెడ్డ అలవాటు. ముందు ఉత్త కిల్, పది సెకన్ల ఓపిక, అప్పటికీ కదలకపోతేనే తొమ్మిది. వెనక నడిచే సర్వీసులను చూసుకునే సిస్టమ్‌డీ కూడా ఇదే పద్ధతి పాటిస్తుంది. కంప్యూటర్ ఆపేటప్పుడు తెర మీద ఏదో పని ఆగడం కోసం చూస్తున్నట్టు ఒక వాక్యం, పక్కనే ఒకటిన్నర నిమిషం గడువు కనిపించడం చాలామంది చూసే ఉంటారు. ఆ వేళ జరిగేది ఇదే: 15 పంపి, మామూలుగా 90 సెకన్లు చూసి, ఆ తర్వాత 9 పంపడం.

మిగతా సంకేతాల్లో 1వ దాన్ని చాలా సర్వర్ ప్రోగ్రాములు ఆగకుండానే సెట్టింగులు మళ్లీ చదువుకోవడానికి గుర్తుగా పెట్టుకున్నాయి. కంట్రోల్ సి 2వ సంకేతం. కంట్రోల్ జెడ్ ప్రాసెస్‌ను ముగించదు, ఆపి పక్కన పెడుతుంది. చాలామంది పని అయిపోయిందనుకుని కంట్రోల్ జెడ్ నొక్కి లేచిపోతారు. ప్రాసెస్ మాత్రం ‘టీ’ స్థితిలో మెమరీ పట్టుకుని అలాగే కూర్చుంటుంది. ‘జాబ్స్’ అని కొడితే అలా వదిలేసినవి బయటపడతాయి. ‘ఎఫ్‌జీ’ ముందుకు తెస్తుంది, ‘బీజీ’ వెనక నడిపిస్తుంది. పేరుతో చంపే ‘పీకిల్’, ‘కిల్‌ఆల్’ సౌకర్యమైనవే కానీ, పైథాన్ అనే పేరుతో పది ప్రోగ్రాములు నడుస్తున్న చోట ఆ ఆదేశం పదింటినీ తీసేస్తుంది. ‘పీగ్రెప్’తో ముందు జాబితా చూసుకోవాలి.

వంతులు, నైస్, లోడ్

కోర్లు నాలుగే ఉన్నా వందల ప్రాసెస్‌లు ఏకకాలంలో నడుస్తున్నట్టు కనిపించడం షెడ్యూలర్ చలవ. ప్రకాశం బ్యారేజీ కింద కాలువల్లో నీరు చాలనప్పుడు వంతులు పెట్టినట్టు, అది ప్రాసెసర్ సమయాన్ని మిల్లీసెకన్ల వంతులుగా పంచుతుంది. ఎగువ రైతు ‘నాకు తొందర లేదు, ముందు శివారు చేలకు పోనివ్వండి’ అంటే ఆ మాటే ‘నైస్’. విలువ మైనస్ 20 నుంచి ప్లస్ 19 దాకా ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ మర్యాద పెరిగి వంతు తగ్గుతుంది. మామూలు వినియోగదారు తన ప్రాసెస్ మర్యాదను పెంచగలడు గానీ, తగ్గించి ఎగబడాలంటే సాధారణంగా రూట్ (నిర్వాహకుడి) అధికారం కావాలి. వీడియో మార్పిడి, పెద్ద బ్యాకప్ లాంటి పనులను ‘నైస్ మైనస్ ఎన్ 19’తో మొదలుపెడితే అదే యంత్రం మీద మిగతావాళ్లకు ఇబ్బంది ఉండదు. అప్పటికే నడుస్తున్నదానికి ‘రీనైస్’, డిస్కు వంతులకు ‘ఐఓనైస్’ ఉన్నాయి. 2007 నుంచి వాడుకలో ఉన్న షెడ్యూలర్ స్థానంలో 2023లో వచ్చిన 6.6 కెర్నెల్ కొత్త పద్ధతిని తెచ్చింది. నైస్ అర్థం మాత్రం మారలేదు.

టాప్ మొదటి వరసలోనూ, ‘అప్‌టైమ్’ ఆదేశంలోనూ కనిపించే మూడు అంకెలను లోడ్ యావరేజ్ అంటారు. గత ఒక నిమిషం, అయిదు నిమిషాలు, పదిహేను నిమిషాల సగటులవి. 4.10, 2.30, 0.90 అని ఉంటే భారం ఇప్పుడిప్పుడే పెరుగుతోంది. అవే తిరగబడి ఉంటే తుఫాను వెళ్లిపోయింది. ఆ అంకె ఎక్కువా తక్కువా అన్నది కోర్ల సంఖ్యతో పోల్చుకుని చెప్పాలి. ‘ఎన్‌ప్రాక్’ కొడితే కోర్లెన్నో తెలుస్తుంది. నాలుగు కోర్ల యంత్రానికి నాలుగు నిండుతనం, ఎనిమిది అంటే క్యూ.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ‘డీ’ స్థితిలో ఇరుక్కున్న ప్రాసెస్‌లను కూడా లినక్స్ ఈ లెక్కలో కలుపుతుంది. అందుకే లోడ్ 20 ఉన్నా ప్రాసెసర్ ఖాళీగా కనిపించే సందర్భాలుంటాయి. అప్పుడు టాప్‌లో ‘డబ్ల్యూఏ’ అనే గడిని చూడాలి. అది పెరిగి ఉంటే జాప్యం డిస్కు దగ్గర. పాత హార్డ్‌డిస్కు ఉన్న యంత్రాలకు ‘ప్రాసెసర్ చాలడం లేదు, కొత్తది కొనండి’ అని సలహా ఇచ్చే ముందు ఆ ఒక్క గడి చూస్తే, ఎస్ఎస్‌డీ వేస్తే సరిపోతుందేమో తేలిపోతుంది. క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న యంత్రమైతే ‘ఎస్‌టీ’ గడి కూడా ముఖ్యం: మన వర్చువల్ యంత్రం ప్రాసెసర్ కోసం సిద్ధంగా ఉన్నా, అడుగునున్న అసలు యంత్రం ఇవ్వకుండా ఆపిన సమయం అందులో పడుతుంది.

మెమరీ

‘ఫ్రీ మైనస్ హెచ్’ ఇచ్చే పట్టిక లినక్స్ ప్రపంచంలో చాలామందిని భయపెట్టింది. 8 జీబీ యంత్రంలో మొత్తం 7.6, ఖాళీ 300 ఎంబీ అని చూడగానే ర్యామ్ అయిపోయిందనుకుంటారు. నిజానికి లినక్స్ ఖాళీ మెమరీని ఖాళీగా ఉంచడం దండగనుకుంటుంది. డిస్కు నుంచి చదివిన ఫైళ్లను అందులో దాచుకుని, ఎవరైనా అడిగితే వెంటనే వదిలేస్తుంది. చూడాల్సింది ‘అవైలబుల్’ అనే చివరి గడి. అందులో 4 జీబీ ఉంటే ఆ యంత్రం సుఖంగా ఉన్నట్టే. 2014లో 3.14 కెర్నెల్ ఈ అంచనాను స్వయంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకు ముందు ఎవరికివారు కూడికలు తీసివేతలు చేసుకునేవారు.

స్వాప్ డిస్కు మీది అరువు మెమరీ. కొంత వాడకంలో కనిపించినా తప్పు లేదు. ‘వీఎంస్టాట్ 1’ నడిపితే సెకనుకోసారి వచ్చే వరసల్లో ‘ఎస్ఐ’, ‘ఎస్ఓ’ అనే గడులు ఎడతెగకుండా అంకెలు చూపిస్తుంటే మాత్రం యంత్రం ఊపిరాడక కొట్టుకుంటున్నట్టు.

ఆ దశా దాటి మెమరీ పూర్తిగా అడుగంటితే కెర్నెల్ తానే ఒక ప్రాసెస్‌ను ఎంచుకుని చంపుతుంది. దీన్ని ఊమ్ కిల్లర్ అంటారు. ప్రతి ప్రాసెస్‌కు ఒక స్కోరు ఉంటుంది. ఎక్కువ మెమరీ తిన్నవాడికే సాధారణంగా ఎక్కువ స్కోరు. కాబట్టి బలయ్యేది తరచు బ్రౌజరో, జావా ప్రోగ్రామో, డేటాబేసో. ‘రాత్రి ఎవరూ ముట్టుకోలేదు, పొద్దున్నకి మైఎస్‌క్యూఎల్ ఆగిపోయింది’ అనే ఫిర్యాదుల్లో ఎన్నో దీని ఖాతాలోవే. ‘డీమెసేజ్’ గానీ, ‘జర్నల్‌కంట్రోల్ మైనస్ కె’ గానీ కొడితే మెమరీ అయిపోయిందని, ఫలానా పీఐడీని చంపామని కెర్నెల్ రాసిపెట్టిన వాక్యం దొరుకుతుంది.

ఒక ప్రోగ్రాము ఎంత మెమరీ వరకు తినవచ్చో ముందే గిరి గీయడానికి కంట్రోల్ గ్రూపులు ఉన్నాయి. గూగుల్ ఇంజనీర్లు పాల్ మెనేజ్, రోహిత్ సేథ్ 2006లో మొదలుపెట్టిన ఈ పని 2008 జనవరిలో 2.6.24 కెర్నెల్‌తో బయటికొచ్చింది. డాకర్ లాంటి కంటైనర్లు నిలబడ్డ పునాదుల్లో ఇదొకటి. నేటి యంత్రాల్లో సర్వీసు ఫైలులో ‘మెమరీమాక్స్’ అనే ఒక్క వరస చేరిస్తే చాలు.

డిస్కు నిండినప్పుడు

‘డీఎఫ్ మైనస్ హెచ్’ విభాగాలవారీగా ఎంత నిండిందో చెబుతుంది. ‘డీయూ మైనస్ ఎస్‌హెచ్’ ఒక డైరెక్టరీ ఎంత బరువో చెబుతుంది. ఈ రెండూ ఏకీభవించని సందర్భమే నేర్చుకోదగినది. డీఎఫ్ నూరు శాతం అంటుంది. డీయూతో అన్నీ కూడితే సగం కూడా రాదు. కారణం సాధారణంగా ఇదీ: ఎవరో పెద్ద లాగ్ ఫైలును ‘ఆర్ఎం’తో చెరిపేశారు, కానీ అందులోకి రాస్తున్న ప్రాసెస్ దాన్ని ఇంకా తెరిచే ఉంచింది. పేరు పోయింది, స్థలం పోలేదు. ‘ఎల్ఎస్ఓఎఫ్ ప్లస్ ఎల్ 1’ అలాంటి అనాథ ఫైళ్లను, వాటిని పట్టుకున్న పీఐడీలను చూపిస్తుంది. ఆ సర్వీసును రీస్టార్ట్ చేస్తే స్థలం తిరిగొస్తుంది. నడుస్తున్న లాగును చెరపడం కన్నా ‘ట్రంకేట్’తో సున్నాకు కుదించడం మేలు. సిస్టమ్‌డీ లాగులకైతే ‘జర్నల్‌కంట్రోల్’లోనే వాక్యూమ్ అనే ఏర్పాటు ఉంది.

స్థలం ఉండి కూడా ఫైలు సృష్టించలేని మరో రోగం ఐనోడ్లు (ఫైలుకొకటి చొప్పున ఉండే నమోదు గడులు) అయిపోవడం. లక్షలాది చిన్న ఫైళ్లు పోగైన చోట వస్తుంది. ‘డీఎఫ్ మైనస్ ఐ’ చెబుతుంది. ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా అయిదు శాతం స్థలాన్ని రూట్ కోసం పక్కన పెడుతుందని కూడా గుర్తుంచుకోవాలి. ఒక టీబీ డిస్కులో అది దాదాపు 50 జీబీ.

తెలుగులో ఫైళ్లకు పేర్లు పెట్టేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు యూనికోడ్ సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు. ‘గన్నవరం’ అనే మాటలో గ, న, పొల్లు, న, వ, ర, సున్న కలిపి ఏడు సంకేతాలు. ‘డబ్ల్యూసీ మైనస్ ఎం’ ఏడు అంటుంది, ‘డబ్ల్యూసీ మైనస్ సి’ ఇరవై ఒకటి అంటుంది. ఎక్స్‌టీ4లో ఫైలు పేరు 255 బైట్లు మించకూడదు కాబట్టి తెలుగు పేరు 85 సంకేతాల దగ్గర ఆగిపోతుంది. గుణింతాలు, ఒత్తులు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి గనుక కంటికి అది నలభై యాభై అక్షరాలే. వార్తా శీర్షికనో వ్యాసం పేరునో యథాతథంగా ఫైలు పేరుగా పెట్టబోతే పేరు మరీ పొడుగు అనే తప్పు వచ్చేది ఇందుకే.

సర్వీసులు

వెబ్ సర్వర్, డేటాబేస్, ప్రింటింగ్ లాంటి వెనక నడిచే పనులను ఇప్పుడు ఎక్కువ లినక్స్‌లలో సిస్టమ్‌డీ చూసుకుంటుంది. లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ 2010లో తెచ్చిన ఈ వ్యవస్థ మీద పెద్ద రగడే జరిగింది. ఒకే ప్రోగ్రాము ఇన్ని బాధ్యతలు నెత్తిన వేసుకోకూడదన్నది వ్యతిరేకుల వాదన. 2015లో డెబియన్ 8, ఉబుంటు 15.04 దాన్నే స్వీకరించాక వాదన చల్లబడింది.

‘సిస్టమ్‌కంట్రోల్ స్టేటస్’ పక్కన సర్వీసు పేరు కొడితే అది నడుస్తోందా, ఎప్పటి నుంచి, ఏ పీఐడీతో, చివరి కొన్ని లాగు వరసలు ఏమిటి అన్నీ ఒకచోట వస్తాయి. మిగతా లాగు ‘జర్నల్‌కంట్రోల్ మైనస్ యు’తో చదవాలి. ‘స్టార్ట్’కూ ‘ఎనేబుల్’కూ ఉన్న తేడా పట్టుకోవడం అవసరం. స్టార్ట్ ఇప్పటికిప్పుడు నడుపుతుంది, అంతే. ఎనేబుల్ చేస్తేనే కంప్యూటర్ మళ్లీ లేచినప్పుడు సర్వీసూ లేస్తుంది. కరెంటు పోయి వచ్చాక ఆఫీసు సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదని ఫోన్ వస్తే ముందు అనుమానించాల్సింది ఈ మరపునే. ‘ఎనేబుల్ మైనస్ మైనస్ నౌ’ అంటే రెండూ ఒకేసారి అవుతాయి.

సాఫ్ట్‌వేర్ తెచ్చుకోవడం

విండోస్ నుంచి వచ్చినవాళ్లకు వెబ్‌సైట్లలో సెటప్ ఫైలు వెతుక్కోవడం అలవాటు. లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ ప్రధానంగా ఆయా పంపిణీదారుల గిడ్డంగి నుంచి, సంతకం సరిచూసుకుని వస్తుంది. ఒక ప్యాకేజీకి ఇంకేమేం కావాలో ప్యాకేజీ మేనేజరే లెక్కగట్టి వాటినీ వెంట తెస్తుంది. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్, దాని మీద 2004లో వచ్చిన ఉబుంటు కుటుంబంలో అడుగున డీపీకేజీ, పైన ఆప్ట్ పనిచేస్తాయి. రెడ్‌హ్యాట్, ఫెడోరా కుటుంబంలో అడుగున ఆర్‌పీఎం, పైన ఒకప్పుడు యమ్, 2015లో ఫెడోరా 22 నుంచి డీఎన్‌ఎఫ్. ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్ చెన్నై కేంద్రం 2007లో విడుదల చేసిన మన దేశపు బాస్ లినక్స్ డెబియన్ సంతతే. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నడుపుతున్న ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు ముఖంతో ఉన్న లినక్స్‌ను తెచ్చింది.

‘ఆప్ట్ అప్‌డేట్’ సరుకుల జాబితాను మాత్రమే తాజా చేస్తుంది. సరుకు మార్చేది ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’. ‘డీపీకేజీ మైనస్ పెద్ద ఎస్’ ఒక ఫైలు ఏ ప్యాకేజీతో వచ్చిందో చెబుతుంది. ‘ఆటోరిమూవ్’ ఎవరికీ అక్కర్లేని తోడు ప్యాకేజీలను తీసేస్తుంది, ‘వై’ కొట్టే ముందు అది చూపే జాబితా చదవాలి.

ఇన్‌స్టాల్ చేయబోతే తాళం దొరకలేదని ఆప్ట్ మొరాయించడం చాలామందికి అనుభవం. వెంటనే ఆ తాళం ఫైలును చెరిపేయమనే చిట్కా ఊరంతా తిరుగుతోంది. అది చేయవద్దు. అప్పటికే వెనక ఆటోమేటిక్ నవీకరణ నడుస్తుండటమే సాధారణ కారణం. ‘పీఎస్’తో చూసి, పట్టుకున్న ప్రాసెస్ పని ముగిసేదాకా ఆగితే సరిపోతుంది. నవీకరణ మధ్యలో కరెంటు పోతే మాత్రం ‘డీపీకేజీ మైనస్ మైనస్ కాన్ఫిగర్ మైనస్ ఎ’ సగంలో ఆగినవాటిని పూర్తిచేస్తుంది. డీఎన్‌ఎఫ్‌లో ‘హిస్టరీ అన్‌డూ’ అనే వెసులుబాటు ఉంది. ఆప్ట్ వాడేవాళ్లు ఏళ్లపాటు దానికి అసూయపడటంలో న్యాయముంది.

తెలుగువాళ్లకు పనికొచ్చే ఉదాహరణ ఫాంట్లు. ‘ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-తెలుగువిజయం’ అంటే సిలికానాంధ్ర సంస్థ ద్వారా ఉచితంగా అందిన తెలుగు ఫాంట్ల కట్ట దిగుతుంది. అందులోని మండలి ఫాంటుకు ఆ పేరు దివిసీమ నాయకుడు, 1975 తొలి ప్రపంచ తెలుగు మహాసభల సారథి మండలి వెంకటకృష్ణారావు నుంచి వచ్చింది. లోహిత్ తెలుగు, తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన, వేమన ఫాంట్లు కూడా డెబియన్ గిడ్డంగిలో దొరుకుతాయి. ‘ఎఫ్‌సీ-లిస్ట్’తో ఏవేవి చేరాయో చూసుకోవచ్చు. ఇన్ని ఉన్నా విజయవాడ డీటీపీ కేంద్రాల్లో లినక్స్ అడుగుపెట్టలేకపోవడానికి కారణం ఫాంట్ల కొరత కాదు. అచ్చు పని ఏళ్లుగా పేజ్‌మేకర్, అను ఫాంట్లకు అలవాటుపడిపోవడం.

స్నాప్, ఫ్లాట్‌పాక్ కట్టలు తమకు కావలసినవన్నీ వెంటబెట్టుకుని వస్తాయి. డిస్కు ఎక్కువ తింటాయి, బదులుగా ఏ పంపిణీలోనైనా నడుస్తాయి. పైథాన్ లైబ్రరీలు తెచ్చుకోవడానికి విద్యార్థులకు పిప్ ఉంది. 2023 నాటి డెబియన్ 12 నుంచి వ్యవస్థ పైథాన్‌లోకి పిప్ నేరుగా చొరబడకుండా అడ్డుకుంటున్నారు. దాన్ని బలవంతంగా దాటించే చిట్కా వెతకకుండా ‘వెన్వ్’తో ప్రాజెక్టుకో ప్రత్యేక వాతావరణం పెట్టుకోవాలి.

గిడ్డంగినీ గుడ్డిగా నమ్మలేమని 2024లో తేలింది. కుదింపు పనికి దాదాపు ప్రతి లినక్స్‌లో ఉండే ఎక్స్‌జెడ్ అనే ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారు. రెండేళ్లకు పైగా బుద్ధిమంతుడిలా సహకరించి నిర్వహణ హక్కు సంపాదించిన ఒక మారుపేరు మనిషి పని అది. డెబియన్ ప్రయోగాత్మక శాఖల్లోకి, ఫెడోరా 40 పరీక్ష వెర్షన్లలోకి అది చేరిపోయింది. మార్చి 29న దీన్ని బయటపెట్టినవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్. భద్రతా తనిఖీ చేస్తూ కనుక్కోలేదు. వేరే వేగ పరీక్ష చేసుకుంటుంటే రిమోట్ లాగిన్ ప్రాసెస్‌లు ఉండాల్సినదానికన్నా ఎక్కువ ప్రాసెసర్ తినడం, లాగిన్ అర సెకను ఆలస్యం కావడం గమనించి ఆ దారి పట్టుకుని వెళ్లాడు. స్థిరమైన సర్వర్ పంపిణీల్లోకి చేరకముందే ప్రమాదం తప్పింది.

పాతబడ్డ పంపిణీని వదలకపోవడం అంతకన్నా మామూలు ప్రమాదం. ఎన్నో సంస్థలు నమ్ముకున్న సెంట్‌ఓఎస్ 7కు నవీకరణలు 2024 జూన్ 30తో ఆగిపోయాయి. రాకీ, ఆల్మా లినక్స్‌లు ఆ స్థానం కోసం వచ్చినవే. ‘ఓఎస్-రిలీజ్’ అనే ఫైలు తెరిస్తే మీ యంత్రంలో ఉన్నది ఏదో ఒక్క చూపులో తెలుస్తుంది.

నేర్చుకోవాలనుకునేవారికి

ఈ సాధనాలకు డబ్బు పెట్టి కోర్సు అక్కర్లేదు. ప్రతి ఆదేశానికీ ‘మ్యాన్’ పేజీ యంత్రంలోనే ఉంటుంది. విండోస్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు 2016లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన డబ్ల్యూఎస్ఎల్‌తో దాని లోపలే ఉబుంటు నడుపుకోవచ్చు. మన తెలుగువాడు సత్య నాదెళ్ల సీఈఓ అయ్యాక లినక్స్ పట్ల ఆ కంపెనీ వైఖరిలో వచ్చిన మార్పుకు అదొక ఫలం. కాలేజీ ల్యాబులు చేయగలిగిన మేలు ఒకటుంది: పరీక్షలో ఆదేశం రాయమని అడిగే బదులు, నెమ్మదించిన ఒక యంత్రం నుంచి తీసిన టాప్, ఫ్రీ, డీఎఫ్ పట్టికలను ముద్రించి ఇచ్చి, రోగం ఏమిటో చెప్పమనాలి. ఇక విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు తగని పాత కంప్యూటర్ మీ ఇంట్లో ఉంటే అమ్మేయకండి, 4 జీబీ ర్యామ్ ఉన్నా దాని మీద తేలికపాటి లినక్స్ పంపిణీ హాయిగా నడుస్తుంది.